చేతిలో అల్లిక, బల్ల మీద పుస్తకం: ఇంటి బడికి సెలవులివ్వడం ఎలా

మార్చి వచ్చిందంటే ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పుకునే వాళ్లందరికీ ఒకటే గుబులు. పుస్తకంలో ఇంకా నాలుగు పాఠాలు మిగిలాయి, బడి పిల్లలకి పరీక్షలు దగ్గర పడుతున్నాయి, మనవాళ్లు వెనకబడిపోతారేమో అని. మొదటి ఏడాది నేనూ ఆ గుబులుతోనే పని మొదలుపెట్టాను. విజయనగరం ఎండలో, కరెంటు పోయిన గదిలో, ఆరు నెలల సైన్సు ఇరవై రోజుల్లో చెప్పేద్దామని కూర్చున్నాను. పెద్దది ఏడ్చింది. చిన్నోడు మంచం కిందకి దూరాడు. అదే నెలలో మావగారికని అల్లిన ఊలు టోపీ ఆయన చెవుల పైనే ఆగిపోయింది. నా టెన్షనంతా వేళ్లలోంచి ఊల్లోకి దిగి, కుట్లు అంత బిగువుగా పడ్డాయి. "బాగుందమ్మా, కొబ్బరికాయకి సరిపోద్ది" అన్నారాయన.

ఆ తర్వాత నుంచి ఏడాది చివర ఆరు వారాలు నేను పనిగట్టుకుని అల్లుతున్నాను. నా ఓపిక కోసం కాదు, పిల్లల కోసం. రెండు చేతుల్లో రెండు సూదులుంటే పిల్ల చేతిలో పెన్సిల్ లాక్కోవడం కుదరదు. ఎలా చేయాలో చెప్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఆఖరి రోజు పెట్టుకోండి

మన రాష్ట్రంలో బళ్లకి మామూలుగా ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిచ్చి, జూన్ 12న తెరుస్తారు. మీ పిల్లలు బడికి వెళ్లకపోయినా ఆ తేదీలు మీకూ వర్తిస్తాయి. సెలవులివ్వగానే మీ ఆడపడుచు పిల్లలూ చెల్లెలి పిల్లలూ దిగుతారు, ముంజలు తినడానికి వీధిలోకి పరిగెడతారు, అప్పుడు మీరు భిన్నాలు చెప్తానంటే వినేవాళ్లెవరు? కాబట్టి ఆఖరి రోజు ఏప్రిల్ 20 దగ్గర పెట్టుకుని, ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. మార్చి 9, 10కి వస్తారు.

ఆ తేదీలు మన వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం పక్కన అరసవల్లి గుళ్లో సూర్యోదయం వేళ కిరణాలు స్వామి పాదాల్ని తాకే రోజులవి. మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో తాకుతాయి. వెళ్లగలిగితే పిల్లల్ని తీసుకెళ్లండి. మబ్బు పడితే ఏమీ కనబడదు, దానికి సిద్ధపడే వెళ్లండి. కనబడినా కనబడకపోయినా తిరుగుదారిలో ఒక ప్రశ్న అడగండి: ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ తేదీల్లోనే ఎందుకు? పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు మార్చిలో 20, 21 ప్రాంతంలో వస్తుంది, సెప్టెంబరులో 22, 23 ప్రాంతంలో. మొదటి దానికి పది రోజుల ముందు, రెండో దానికి పది రోజుల తర్వాత సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట పొడుస్తాడు. క్యాలెండరు ఇచ్చి పెద్దదాన్నే రోజులు లెక్కపెట్టమన్నాను. ఆ ఏడాది భూగోళంలో దానికి గట్టిగా గుర్తున్నది ఇదొక్కటే.

పుస్తకాలని మూడు దొంతరలు చేయండి

ఒక సాయంత్రం పిల్లలు పడుకున్నాక పుస్తకాలన్నీ నేల మీద పరవండి. అయిపోయినవి ఒక దొంతర. వచ్చే ఏడాదికి పునాది కాబట్టి ఇప్పుడే తేల్చాల్సినవి ఒక దొంతర. వదిలేసేవి ఒకటి. మూడో దొంతర పెద్దదిగా ఉండాలి. ఇక్కడే మనకి చేయి రాదు. మిగిలిన పాఠాలు నాలుగైతే నాలుగూ ముఖ్యమే అనిపిస్తుంది. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: ఈ పాఠం రాకపోతే జూన్‌లో మొదటి వారమే ఇబ్బంది పడుతుందా? పడుతుంది అంటే రెండో దొంతర. అక్బరు తర్వాత ఎవరొచ్చారో జూన్‌లో తెలిసినా మునిగిపోయేదేం లేదు. భిన్నాల తీసివేత రాకపోతే మాత్రం దశాంశాల దగ్గర బండి ఆగిపోతుంది.

రెండో దొంతరలో పిల్లకి రెండు, మూడు అంశాలకి మించి ఉంచకండి.

ఎవరికి అల్లాలి, ఏం అల్లాలి

స్వెట్టర్ జోలికి పోకండి. ఆరు వారాల్లో అవదు, అవకపోతే అదొక బెంగ. ఒక టోపీ, ఒక మఫ్లరు చాలు. ఓపికుంటే ఇంకో టోపీ. మేము ఒక ఏడాది మావగారికి టోపీ, మిలిటరీలో ఉన్న మా మరిదికి మఫ్లరు అనుకున్నాం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలిటరీకి వెళ్లిన కుటుంబాలు తక్కువేం కాదు, లడఖ్‌లో ఉన్నవాడికి ఇంటి నుంచి వచ్చిన మఫ్లరు ఎంత అపురూపమో నేను వేరే చెప్పక్కర్లేదు. "ఈ ఎండలో ఊలేటమ్మా" అని పక్కింటావిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి. కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానానికి లేచినప్పుడు ఆవిడే అడుగుతుంది, నాకూ ఒకటి అల్లవా అని.

ఒక టోపీ, ఒక మఫ్లరు అని ఊరికే అనలేదు. మఫ్లరు అంతా ఒకే కుట్టు, లెక్క అక్కర్లేదు, చూడకుండా అల్లొచ్చు. టోపీకి లెక్క కావాలి. ఏది ఎప్పుడు చేతిలోకి తీసుకోవాలో కాసేపట్లో చెప్తాను.

ఊలు మా విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. వేసవిలో అటక మీద నుంచి దింపాలని కొంచెం విసుక్కుంటారు, అంతే. మన దగ్గర దొరికేది చాలావరకు యాక్రిలిక్. టోపీకి 100 గ్రాములు చాలు, మఫ్లరుకి 200 వరకు పడుతుంది. ఉండలన్నీ ఒకేసారి కొనండి, లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన సరుకు అని చెప్పేది) కూడా ఒకటే ఉందో లేదో చూడండి. రంగు ఒకటే అయినా లాట్ మారితే ఎండలోకి తెచ్చాక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

సూదులు 8వ నంబరువి ఒక జత, 10వ నంబరువి ఒక జత. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నమవుతుంది. చిన్నోడు దీన్ని రెండు రోజులు ఒప్పుకోలేదు, షాపువాడు తప్పు చెప్పాడన్నాడు. చివరికి స్కేలు పెట్టి కొలిచి నమ్మాడు.

కుట్ల లెక్క పిల్లల చేతే వేయించండి

ముందు ఒక చిన్న చదరం అల్లండి, 8వ నంబరు సూదులతో, అరచేతి కంటే కొంచెం పెద్దది. మధ్యలో స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టమనండి. మామూలు మందం ఊలుకి 22 రావాలి. 24 వస్తే మీరు బిగించి అల్లుతున్నట్టు, ఒక సైజు లావు సూది తీసుకోండి. 20 వస్తే సన్నది తీసుకోండి. మార్చిలో నాకు ఎప్పుడూ 24 వస్తాయి, జూన్‌లో అదే చేత్తో 22. దీన్ని బట్టి ఆ వారం పిల్లల మీద ఎంత అరిచానో తెలిసిపోతుంది.

తర్వాత తాతగారి తల చుట్టూ టేపు పెట్టించండి. మా మావగారిది 56 సెంటీమీటర్లు. టోపీ తల కంటే పదో వంతు తక్కువుండాలి, లేకపోతే జారిపోతుంది. 56లో పదో వంతు తీసేస్తే 50.4. సెంటీమీటరుకి 2.2 కుట్లు, అంటే దాదాపు 111. అంచు రెండు నిట్ (సాదా కుట్టు), రెండు పర్ల్ (దాన్నే తిరగేసిన కుట్టు) లెక్కన అల్లుతాం కాబట్టి కుట్లు నాలుగుతో భాగించబడాలి. 111కి దగ్గర్లో నాలుగో ఎక్కంలో వచ్చేది 112. శాతాలు, దశాంశాలు, గుణిజాలు, అన్నీ తాత తల మీదే అయిపోయాయి. వర్క్‌షీటు వెతకక్కర్లేదు.

112 కుట్లు ఎక్కించేటప్పుడు రెండు సూదులు కలిపి పట్టుకుని ఎక్కించండి, తర్వాత ఒకటి లాగేయండి. కొబ్బరికాయ సంగతి గుర్తుందిగా. 10వ నంబరు సూదులతో 6 సెంటీమీటర్లు ఆ రెండేసి లెక్కన రిబ్బు అంచు, ఆ తర్వాత 8వ నంబరుకి మారి, మొత్తం 18 సెంటీమీటర్లు వచ్చేదాకా ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. అక్కడి నుంచి రెండేసి కుట్లు కలిపి ఒకటిగా అల్లుకుంటూ వెళ్తే 56 మిగులుతాయి. ఒక పర్ల్ వరస. మళ్లీ రెండేసి కలిపితే 28. మళ్లీ పర్ల్. మళ్లీ కలిపితే 14. దారం తెంపి, పెద్ద కన్నున్న సూదిలోకి ఎక్కించి, ఆ 14 కుట్లలోంచి లాగి బిగించి, అదే దారంతో వెనక వైపు కుట్టేయండి. సగం, సగంలో సగం, అందులో సగం. చిన్నోడికి భిన్నాలు మొదలుపెట్టకముందే 112లో ఎనిమిదో వంతు ఎంతో తెలిసింది.

వరసలు లెక్కపెట్టడానికి చింతపిక్కలు పెట్టుకోండి. రెండు డబ్బాలు, ఒక వరస అయితే ఒక పిక్క ఇటు నుంచి అటు. ఈ ఉద్యోగం ఏడేళ్ల లోపు వాళ్లకివ్వండి. పది పిక్కలు అవగానే ఒక కట్టు అని మా చిన్నోడే గోడ మీద సుద్దతో గీత గీసేవాడు. గోడ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వరస అయ్యేదాకా నోరెత్తకండి

అసలు విషయం ఇక్కడుంది. పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కూర్చోండి. ఆ తర్వాత చెమటకి ఊలు వేళ్లకి అంటుకుంటుంది, సూది జారదు, మనకీ చిరాకు. పక్కన తువ్వాలు ఉంచుకోండి. ఊలుండ చెంబులో పెట్టుకుంటే ఇల్లంతా దొర్లదు.

ఇంట్లో అందరికీ ఒక నియమం: అమ్మ వరస మధ్యలో ఉంటే జవాబు చెప్పదు. వరస అయ్యాకే చెప్తుంది. 112 కుట్ల వరసకి నాకు ఐదు నిమిషాలు పడుతుంది.

ఒక రోజు పెద్దది మూడు బై నాలుగులోంచి ఒకటి బై మూడు తీస్తోంది. పైవాటిలోంచి పైవి, కిందవాటిలోంచి కిందవి తీసేసింది. పైన రెండు, కింద ఒకటి. జవాబు రెండు అని రాసి, దానివంక అలా చూస్తూ కూర్చుంది. "అమ్మా, ఇది రావట్లేదు." నా సూది మీద ఇంకా డెబ్బై కుట్లున్నాయి. ఆగమన్నాను. పాత అలవాటైతే ఈపాటికి పెన్సిల్ నా చేతిలో ఉండేది, "కింద పన్నెండు చెయ్యి" అని నేనే రాసేసేదాన్ని. అది గొణుక్కుంటోంది. "ముప్పావు బెల్లం అచ్చులోంచి ముక్క తీస్తే రెండు అచ్చులెలా వస్తాయి?" పెన్సిల్ కొరికింది. కొట్టేసింది. అచ్చు బొమ్మ గీసి అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు భాగాలు చేసింది. గళ్లు లెక్కపెట్టింది. నా వరసకి ఇంకా పది కుట్లుండగా, "అక్కర్లేదులే, వచ్చీసింది" అంది. ఐదు బై పన్నెండు.

అన్నిసార్లూ ఇలా జరగదు. పది ప్రశ్నల్లో నాలుగు నా వరస అయ్యేలోపు వాళ్లే తేల్చుకుంటారు, మిగిలినవి నా దగ్గరికొస్తాయి. కానీ వచ్చేటప్పటికి అది "రావట్లేదు" అని ఉండదు, "ఇక్కడిదాకా వచ్చింది, తర్వాత ఏటి?" అని ఉంటుంది.

ఇప్పుడు టోపీ, మఫ్లరు సంగతి. పిల్లలు రాసుకునేటప్పుడు, లెక్కలు చేసుకునేటప్పుడు టోపీ తీయండి, మీ దృష్టి కుట్ల మీద ఉంటుంది, వాళ్ల నోటుబుక్కులోకి తొంగి చూడరు. వాళ్లు పైకి చదివేటప్పుడు, మీరు డిక్టేషన్ చెప్పేటప్పుడు మఫ్లరు తీయండి, చెవులు ఖాళీగా ఉండాలి. మఫ్లరు లెక్క సులువు: 8వ నంబరు మీద 44 కుట్లు, ప్రతి వరసా నిట్, మనిషి ఎత్తుకి కొంచెం తక్కువ వచ్చేదాకా. వత్తులు తప్పు చదివితే మధ్యలో ఆపకండి. తప్పు పడినచోట వేలితో అల్లిక మీద చిన్న రంగు దారం ముక్క గుచ్చుకుంటాను నేను, పేజీ అయ్యాక ఎన్ని దారాలున్నాయో ఇద్దరం చూస్తాం. వారం వారం దారాలు తగ్గుతుంటే పిల్లకే తెలుస్తుంది.

కుట్టు జారిపోయి నిచ్చెనలా కిందకి దిగితే పిల్లల ముందే కంగారు పడకుండా క్రోషియా సూదితో పైకి తెచ్చుకోండి. తెచ్చుకోలేకపోతే నాలుగు వరసలు విప్పేయండి. వాళ్లు చూడాలి. తప్పుపోయిన లెక్కని రబ్బరుతో తుడిచి, పేజీ చింపి, ఏడ్చే పిల్లకి మీరు చెప్పే మాటల కంటే మీరు విప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

మధ్యలో ఒక రోజు పొందూరు

నాలుగో వారంలో అందరికీ విసుగొస్తుంది. ఆ వారం ఒక రోజు పుస్తకాలు మూసేసి పాసింజరు ఎక్కండి. విజయనగరం నుంచి చీపురుపల్లి, సిగడాం దాటితే పొందూరు. ఖద్దరుకి పేరున్న ఊరు. అక్కడ పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, దాని పళ్లు అంత సన్నంగా, దగ్గరగా ఉంటాయి. పని జరుగుతున్న ఇంటికి వెళ్తే ముందు అడిగి లోపలికి వెళ్లండి, పనిని ఆపకండి.

అక్కడి నూలు నూరో కౌంటు అంటారు. ఒక పౌను నూలులో, అంటే సుమారు 454 గ్రాముల్లో, 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయో అదే కౌంటు. నూరు కౌంటు అంటే 84,000 గజాలు. మీటర్లలోకి మార్చమంటే పెద్దది 0.9144తో గుణించి దాదాపు 77 కిలోమీటర్లు అని తేల్చింది. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి రోడ్డు సుమారు 70 కిలోమీటర్లు. అరకిలో కంటే తక్కువ నూలు పరిస్తే మన ఇంటి గుమ్మం దాటి ఇంకా మిగులుతుంది. నంబరు పెరిగే కొద్దీ సన్నమవుతుందని చిన్నోడు సూదుల సంగతి గుర్తు చేసుకుని ఈసారి గొడవ పడలేదు.

ఆఖరి వారం

కొత్త పాఠం ఏదీ తెరవకండి. ఒక ఫైలు కొని, ప్రతి నెల నుంచి రెండేసి కాగితాలు తేదీలతో పెట్టండి. బాగా చేసినవే ఏరకండి, జూలైలో తప్పులతడకగా రాసిన పేజీ కూడా ఉండాలి. చదివిన కథల పుస్తకాల జాబితా పిల్లల చేతిరాతతోనే. అరసవల్లి రోజుల లెక్క, టోపీ లెక్క, నూలు లెక్క కూడా అందులోకే వెళ్తాయి. ఫోన్‌లో ఒక పేజీ చదివించి రికార్డు చేయండి, వచ్చే ఏడాది ఇదే వారంలో అదే పేజీ మళ్లీ చదివించడానికి.

"మరి సర్టిఫికెట్ ఏది?" అని చుట్టాలు అడుగుతారు, పెళ్లిళ్లలో మరీను. ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) వాళ్ల ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలున్నాయి, అవి 3, 5, 8 తరగతులకి సమానం. పదో తరగతికి పిల్లకి 14 ఏళ్లు నిండాలి, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో. ఫీజులూ గడువులూ మారుతుంటాయి కాబట్టి వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. మీ పిల్లకి ఆ వయసు రాకపోతే ఈ ఏప్రిల్‌లో దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

మఫ్లరు ఆఖరి కుట్లు మూసేటప్పుడు లావు సూది తీసుకుని వదులుగా మూయండి. వేలాడే దారాలు ముడేసి కత్తిరించకండి, ముడి విడిపోతుంది. ఊలు సూదితో వెనక వైపు నాలుగైదు కుట్లలోంచి అటోసారి ఇటోసారి దూర్చి అప్పుడు కత్తిరించండి. ఈ పని పెద్దపిల్లలు బాగా చేస్తారు.

తర్వాత కుంకుడు రసంలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో నులకమంచం మీద పరవండి. దండెం మీద వేస్తే సాగిపోతుంది. యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టకండి, ఒక్క నిమిషంలో బిర్రు పోయి గుడ్డపీలికలా అవుతుంది. మంకుపట్టు పట్టి పెట్టాను కాబట్టి చెప్తున్నాను.

టోపీ మావగారి తలకి సరిపోయింది. ఏప్రిల్ ఎండలో పది నిమిషాలు తీయకుండా వీధరుగు మీద కూర్చున్నారు. మఫ్లరు పార్శిల్‌లో చిన్నోడు రాసిన ఉత్తరం కూడా పెట్టాం, అక్షరదోషాలు దిద్దకుండా.

వదిలేసిన మూడో దొంతర పుస్తకాలు అటక మీదకి ఎక్కించేయండి, జూన్ దాకా కంటికి కనబడకూడదు. సూదులకి కొబ్బరినూనె రాసిన గుడ్డతో ఒక తుడుపు తుడిచి చుట్టి పెట్టండి. మిగిలిన ఊలు ఎండు వేపాకుతో కలిపి పెట్టెలో వేయండి. చింతపిక్కల డబ్బాలు మాత్రం బయటే ఉంచండి. సెలవులకొచ్చిన పిల్లలు వామనగుంటలు ఆడుకోవడానికి ఎలాగూ అడుగుతారు.